రాయని గడిలో సున్నా

హెర్తా డీక్‌మన్ తన జీవితంలో మూడుసార్లే గొంతు చించుకుని అరిచిందని వాల్డ్‌హావెన్‌లో చెప్పుకుంటారు. మొదటిసారి, పెళ్ళి కేకు మోసుకొస్తున్న మరిది చర్చి మెట్ల మీద జారినప్పుడు. రెండోసారి, మిల్వాకీ నుంచి వచ్చిన రెఫరీ ఆట ముగిసిన గంట తనకు వినపడలేదని బొంకినప్పుడు. మూడోసారి డెబ్భై ఎనిమిది నవంబరులో, ఒక శుక్రవారం సాయంత్రం, వెర్నా హోటల్లో చేపల వేపుడు పళ్ళెం వదిలి లేచి. అరిచింది మనిషి మీద కాదు, ఒక సున్నా మీద.

ఆ సున్నా సంగతికి ముందు ఆమె సంగతి కొంచెం చెప్పాలి. హెర్తా తండ్రి కుర్చీల ఫ్యాక్టరీలో వార్నిష్ గదికి మేస్త్రీ. ఊరంతా ఆ ఫ్యాక్టరీ అన్నమే తినేది. ఊరి బాస్కెట్‌బాల్ జట్టుకు కూడా ఆ ఫ్యాక్టరీయే జీతమిచ్చి, బనియన్లు కుట్టించి, కుర్చీల జట్టు అని పేరు పెట్టింది. అప్పట్లో ఆట మీద బతకడమంటే పగలు రంపం పట్టడం, సాయంత్రం బంతి పట్టడం. ముప్ఫై ఏడులో స్కోరు రాసే పెద్దాయన మంచు మీద జారి కుడిచెయ్యి విరగ్గొట్టుకుంటే, డిస్పాచ్ గదిలో చీటీలు రాసే ఇరవై ఆరేళ్ళ హెర్తాను తీసుకొచ్చి బల్ల దగ్గర కూర్చోబెట్టారు. "ఆడమనిషి రాసిన స్కోరు మేం ఒప్పుకోం" అన్నాడు అవతలి జట్టు మేనేజరు. "రాసేది పెన్సిలు, నేను కాదు" అందామె. పెద్దాయన చెయ్యి అతుక్కుంది గానీ ఆయన కుర్చీ మాత్రం తిరిగి రాలేదు. యాభై ఒకటిలో జట్టు మూతపడేదాకా ఆ బల్ల హెర్తాదే. ఆ తర్వాత ఇరవై మూడేళ్ళు హైస్కూలు క్యాంటీన్లో పిల్లలకు అన్నం పెట్టింది. భర్త ఆర్నో పోయి ఆరేళ్ళయింది. స్కోరు పుస్తకాలు పధ్నాలుగూ హాల్లో అలమారాలో, పండగ టేబుల్‌క్లాత్‌ల కింద ఉన్నాయి.

ఆ పుస్తకాలను ఎరువు తీసుకెళ్ళినవాడే డేల్ ప్రాక్నో. హైస్కూల్లో లెక్కల మాస్టారు. ఒకప్పుడు ఆమె చేతి మెత్తని బంగాళాదుంపలు మూడేసిసార్లు పెట్టించుకు తిన్న కుర్రాడే. ఊళ్ళో కొత్తగా కట్టిన ఆటల భవనంలో గోడ మీద, పాత కుర్చీల జట్టులోని అయిదుగురు మేటి ఆటగాళ్ళ బొమ్మలు వేయించాలని ఒక కమిటీ పెట్టారు. కిటికీల మధ్య ఖాళీ అయిదు బొమ్మలకే ఉంది కాబట్టి మేటివాళ్ళు కూడా అయిదుగురే. ఎవరా అయిదుగురని తేల్చే పని డేల్ నెత్తిన పడింది. అతను పుస్తకాలన్నీ ముందేసుకుని నెలరోజులు లెక్కలు కట్టి, ఆ శుక్రవారం వెర్నా హోటల్లో గోడకు కాగితం అంటించాడు.

శుక్రవారమంటే ఊరు ఊరంతా అక్కడే. సరస్సు చేపల వేపుడు, రై రొట్టె, కాబేజీ సలాడ్, పెద్దవాళ్ళకు బ్రాందీ. హెర్తా కళ్ళద్దాలు తుడుచుకుని కాగితం ముందు నిలబడింది.

మొదటి పేరు రైన్‌హోల్డ్ బెంకీ. సరే. రెండు, మూడు, నాలుగు. సరే, సరే, పోనీలే. అయిదో పేరు లైల్ ఓవర్‌గార్డ్. జట్టు చివరి మూడేళ్ళలో ఆడిన ఆరడుగుల పది అంగుళాల మనిషి. ఇప్పుడు ఎక్కడో ఎండలున్న రాష్ట్రంలో స్థిరపడ్డాడు. ఆమె వేలు కిందికి జారుతూ పోయింది. ఎనిమిది. పన్నెండు. పదిహేడు. ఇరవై మూడో వరసలో కనిపించింది ఆమె వెతుకుతున్న పేరు: ఈవాల్డ్ గ్రోనర్. తొమ్మిది ఆటలాడి మోకాలు పోగొట్టుకున్న ఒక కుర్రవాడి కింద. ఆటకు పాయింట్లు 3.8. బంతి అందించి వేయించిన బుట్టలు, 0. బోర్డుకు కొట్టి తిరిగొచ్చిన బంతులు పట్టినవి, 0.

అప్పుడు అరిచింది.

"సున్నా! ఎవడు పెట్టాడీ సున్నా?"

హోటల్లో ఫోర్కుల చప్పుడు ఆగిపోయింది. డేల్ రొట్టె నములుతూ లేచి వచ్చాడు.

"ఏమైంది మిసెస్ డీక్‌మన్?"

"నువ్వేనా నాయనా దీన్ని పెట్టింది?"

"మీ పుస్తకాల్లో చూసే పెట్టానండీ."

"నా పుస్తకంలో ఈవాల్డ్ పేరు పక్కన సున్నా ఉందా? చూపించు."

"సున్నా లేదు, ఖాళీగా ఉంది. అసలు ఆ గడే లేదు. నలభై తొమ్మిదిలో జట్టు పెద్ద లీగులో చేరాకే మీరు ఆ గడి నింపడం మొదలుపెట్టారు. అంతకు ముందు ఏమీ రాయలేదు కాబట్టి..."

"రాయలేదు కాబట్టి ఆడలేదా? మీ అమ్మ నీకు ఎన్ని ముద్దలు పెట్టిందో ఎక్కడన్నా రాసిందా? రాయలేదు గదా. అయితే నువ్వు తిండి లేకుండానే ఇంతవాడివయ్యావా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. డేల్ చెవులు ఎర్రబడ్డాయి. అతను చెడ్డవాడు కాదు. లెక్క చేసేటప్పుడు ఖాళీ గడి ఉంటే కూడిక ఆగిపోతుంది కాబట్టి అక్కడ ఒక సున్నా వేసి ముందుకు పోయాడంతే. లెక్కల మాస్టార్లకు సున్నా అంటే గుమ్మం దగ్గర కాలు తుడుచుకునే గోనెపట్టా లాంటిది, ఎవరినీ బాధపెట్టదనుకుంటారు.

"లైల్‌కి ఆటకు 15.2 పాయింట్లు మిసెస్ డీక్‌మన్. ఈవాల్డ్ గారికి నాలుగు కూడా లేవు. బంతి అందించడాలు పక్కన పెట్టినా నాలుగు రెట్లు తేడా."

ఇక హెర్తా ఆగలేదు. ఆమెకు కోపమొస్తే కుడికాలు ముందుకు పెట్టి నిలబడుతుంది. క్యాంటీన్లో ఆ కాలు చూసి పిల్లలు వరస సర్దుకునేవారు.

"నాలుగు రెట్లా? వినవయ్యా లెక్కల మాస్టారూ. ఈవాల్డ్ వచ్చిన కొత్తల్లో ఒక బుట్ట పడితే బంతి మళ్ళీ మధ్యకు తీసుకొచ్చి జట్టుకొకడు దానికోసం ఎగరాలి. బుట్ట పడ్డప్పుడల్లా! సగం సాయంత్రం ఆ నడకకే పోయేది. ఆట మొత్తం నలభై నిమిషాలు. లైల్ వచ్చేసరికి నలభై ఎనిమిది. ఆ ఎనిమిది నిమిషాలు ఎవడిచ్చాడు ఈవాల్డ్‌కి? బంతికి అప్పుడు తాడుతో కుట్టు ఉండేది. ఆ కుట్టు నేలకు తగిలితే తాగినవాడిలా పక్కకు పోయేది. జిమ్ము పైకప్పు ఎంత ఎత్తు? ఎత్తుగా విసిరితే దూలానికి తగిలి అవతలివాడి నెత్తిన పడేది. ఇంక ఆ లైల్ నిలబడే చోటు! బుట్ట కింద గీతల మధ్య ఆరడుగులు. మా వంటింటి నడవ అంత. అక్కడ నిలబడి చెయ్యెత్తితే చెట్టు మీద కాయ కోసినట్టే. నేను కూడా స్టూలు వేసుకుని ఆటకు పది వేసేదాన్ని."

"అయితే ఆ రోజుల్లో దూరం నుంచి ఎలా వేసేవారో..." అన్నాడు డేల్, నోరు మూసుకోవలసిన చోట తెరిచి.

"ఎలాగా? ఇలాగ!"

హెర్తా పక్క బల్ల మీద రొట్టె ముక్క రెండు చేతులా పట్టుకుంది, గుండెల దగ్గరికి తెచ్చింది, మోకాళ్ళు కొద్దిగా వంచింది. అరవై ఏడేళ్ళ మోకాళ్ళు మొన్నటిదాకా బాగానే ఉన్నాయి. రొట్టె అందంగా లేచింది, విల్లులా వంగింది, గోడ మీద జింక తలకాయ కొమ్ములకు గురిపెట్టింది కాస్తా వెళ్ళి, రిటైరైన పాస్టర్ ల్యూట్కే గారి కాబేజీ సలాడ్‌లో పడింది. సలాడ్ ఆయన తెల్లటి కాలరు మీదికి ఎగిరింది.

"క్షమించండి పాస్టర్ గారూ."

"ఆ దేవుడు క్షమిస్తాడులే తల్లీ" అన్నాడాయన, తాను క్షమిస్తానని మాత్రం అనకుండా.

ఇదంతా జరుగుతున్నప్పుడు ఈవాల్డ్ గ్రోనర్ కిటికీ పక్క బల్ల దగ్గరే ఉన్నాడు. డెబ్భై ఏళ్ళ సన్నటి మనిషి. నోట్లో నాలుక ఉందో లేదో డాక్టరుకు తప్ప ఎవరికీ తెలీదు. తలొంచుకుని చేపలో ముల్లు తీస్తున్నాడు. ముల్లు ఎప్పుడో అయిపోయింది, చేప కూడా పిప్పి అయింది, ఇంకా తీస్తూనే ఉన్నాడు.

మధ్య బల్ల నుంచి రైన్‌హోల్డ్ బెంకీ గొంతు లేచింది. పెద్ద మనిషి, పెద్ద గొంతు, కాగితంలో మొదటి పేరు.

"ఏమిటే హెర్తా ఈ గోల? అంకెలు అంకెలే. ఈవాల్డ్ మంచివాడు, ఎవడు కాదన్నాడు? కానీ గోడ మీద బొమ్మ వేసేది బుట్టలో వేసినవాళ్ళకి. నేను వేశాను కాబట్టి నాది మొదటి పేరు."

"నువ్వు వేశావా!"

"వెయ్యలేదా? పుస్తకం నువ్వు రాసిందేగా?"

హెర్తా ఆ మాట నలభై ఏళ్ళ నుంచి దాచుకుంది. దాచుకోవడం మంచిదనే అనుకుంది. కానీ అరికాలి మంట నెత్తికెక్కినప్పుడు దాచిన మాటలే ముందు కాలతాయి.

"వేశావు రైన్‌హోల్డ్. ఎందుకు వేశావో కూడా చెప్పనా? ఇక్కడ చిన్నపిల్లలకు తెలీదు. ఊళ్ళో ఆట జరిగిన ప్రతిసారీ ఎక్కువ పాయింట్లు వేసినవాడికి ఫ్యాక్టరీ ఏమిచ్చేది?"

"ఓకు కర్రతో చేసిన కుర్చీ" అంది గల్లా దగ్గర్నుంచి వెర్నా, ఠక్కున. హోటలు యజమాని, చిన్నప్పుడు ఆ కుర్చీలకు రిబ్బను కట్టిన పిల్ల.

"ఓకు కుర్చీ! నడుము వెనక అయిదు కమ్ములు, కూర్చుంటే లేవబుద్ధి కాదు. ఆట అయ్యాక దాన్ని నెత్తిన పెట్టుకుని ఎనిమిదో వీధిలో నడిచిపోయేవాళ్ళు. రైన్‌హోల్డ్‌కి అప్పటికి ఆరుగురు పిల్లలు. పాపం, నిలబడే అన్నం తినేవాళ్ళు. ఈవాల్డ్ చెప్పుల కొట్టు మీద ఒక్క గదిలో ఉండేవాడు. మంచం, ఒక కుర్చీ. రెండో కుర్చీ వేస్తే తలుపు తెరుచుకోదు. నేను బల్ల దగ్గర కూర్చునేదాన్ని. ఆట ఆపి నీళ్ళు తాగేటప్పుడు వీళ్ళ మాటలు నా చెవిలోనే పడేవి. 'ఇంకెన్ని కావాలిరా రైన్‌హోల్డ్?' అని అడిగేవాడు ఈవాల్డ్. 'ఇంకో రెండు పడితే నాదే' అనేవాడు ఈయన. మళ్ళీ ఆట మొదలవగానే ఈవాల్డ్ ముగ్గుర్ని తన వెంట తిప్పుకుని పోయి, ఎవరూ లేనిచోట నిలబడ్డ ఈయన చేతిలో బంతి పెట్టేవాడు. ఒక్క ఈయనకేనా? ఎవరింట్లో పెళ్ళయితే వాళ్ళకి, ఎవరింట్లో పిల్ల పుడితే వాళ్ళకి. మీరు ఆ కాగితంలో ఆటగాళ్ళ గొప్పతనం కట్టామనుకుంటున్నారు. ఎవరింట్లో ఎన్ని కుర్చీలు తక్కువో, అదీ మీరు కట్టిన లెక్క! వడ్డించినవాడు ఆకలితో లేస్తే, తిన్నవాడి త్రేన్పులు లెక్కపెట్టి మేటివాడంటారా?"

రైన్‌హోల్డ్ మొహం ఉడికించిన బీట్‌రూట్ లాగా అయింది. మనిషి పరువు దెబ్బతిన్నప్పుడు చేతికందిన రాయే విసురుతాడు.

"నీకు ఈవాల్డ్ మీద కన్నుండేదని అప్పుడే అందరూ అనుకునేవారు. ఆట చూడ్డం మానేసి వాణ్ణే చూసేదానివి."

పాపం హెర్తాకు మెడ దాకా ఎర్రబడింది. ఆర్నో బతికున్నప్పుడు ఈ మాట ఎవరూ అనలేదు. కిటికీ దగ్గర ఈవాల్డ్ నీళ్ళ గ్లాసు ఒలకబోశాడు. కానీ ఆమె కుడికాలు ముందుకే ఉంది.

"చూశాను. చూడ్డానికే నన్నక్కడ కూర్చోబెట్టారు. నువ్వు బంతి బుట్టలో పడిందా లేదా చూసేవాడివి. అది ఎక్కణ్ణుంచి వచ్చిందో ఒక్కసారన్నా వెనక్కి తిరిగి చూశావా?"

రైన్‌హోల్డ్ బ్రాందీ గ్లాసు పైకెత్తి, తాగకుండానే మళ్ళీ కింద పెట్టాడు.

మధ్యలో ఇరుక్కున్న డేల్ గొంతు సవరించుకున్నాడు. "అందరూ శాంతించండి. నేను లెక్క కట్టలేనిదాన్ని లెక్క కట్టానని ఒప్పుకుంటున్నాను. మొదటి నలుగురి గురించి ఎవరికీ పేచీ లేదు. అయిదో చోటు లైల్‌దా, ఈవాల్డ్ గారిదా, చేతులెత్తి తేల్చుకుందాం. కమిటీ తరఫున నాకు అధికారం ఉంది."

"అందరూ ఎత్తడానికి వీల్లేదు" అంది హెర్తా వెంటనే. "ఇద్దరి ఆటా కళ్ళారా చూసినవాళ్ళే ఎత్తాలి. తాతలు చెప్పింది విన్నవాళ్ళూ, పొడుగు చూసి మురిసేవాళ్ళూ చేతులు జేబుల్లో పెట్టుకోవాలి."

న్యాయమైన మాటే. వెతికితే అలాంటివాళ్ళు ఏడుగురు తేలారు. హెర్తా, రైన్‌హోల్డ్, వెర్నా, పాస్టర్ గారు, ఒకప్పుడు బాల్కనీలో వేరుశనగలు అమ్మిన కెస్సెల్ అన్నదమ్ములు ఇద్దరు, ఈవాల్డ్. హెర్తా మనసులోనే లెక్క కట్టింది. కెస్సెల్ అన్నదమ్ములు పొడుగు మనుషుల భక్తులు, పోయారు. పాస్టర్ గారి కాలరు మీద కాబేజీ ఇంకా ఉంది, ఆయన కూడా పోయాడు. అక్కడికి మూడు. ఇవతల తాను, వెర్నా, ఈవాల్డ్. ఇదీ మూడే. మిగిలింది రైన్‌హోల్డ్. ఇప్పుడే కదా అతని కుర్చీల గుట్టు ఊరందరి ముందూ విప్పింది!

"లైల్‌కి?" అన్నాడు డేల్. కెస్సెల్ అన్నదమ్ములు ఒకే చెయ్యిలా రెండు చేతులు ఎత్తారు. పాస్టర్ గారు ఒక నిమిషం ఆలోచించి ఎత్తారు. ఆయన ఆలోచించింది బంతి గురించో సలాడ్ గురించో ఆ దేవుడికే తెలియాలి.

"ఈవాల్డ్ గారికి?"

హెర్తా, వెర్నా ఎత్తారు. రైన్‌హోల్డ్ బల్ల మీద రెండు చేతులూ ఆనించి బరువుగా లేచాడు.

"మా ఇంట్లో పధ్నాలుగు కుర్చీలున్నాయి" అన్నాడు, ఎవరివైపూ చూడకుండా. "మా ఆవిడ ప్రతి ఈస్టరుకీ నూనె రాసి తుడుస్తుంది. అన్నీ నేనే గెలిచానని పిల్లలకు చెప్పాను. ఎన్నోసార్లు చెప్పాను. అవి నావి ఎంతో, ఈ వెధవవి ఎంతో..." చెయ్యి మాత్రం పైకి లేచింది.

మూడు, మూడు.

హెర్తా మొహం వెలిగిపోయింది. నాలుగో చెయ్యి కోసం కిటికీవైపు తిరిగింది. అందరూ తిరిగారు. ఈవాల్డ్ కూర్చునే ఉన్నాడు.

"ఈవాల్డ్ గారూ, మీ ఓటు మిగిలింది" అన్నాడు డేల్ మెల్లగా.

ఈవాల్డ్ న్యాప్‌కిన్‌తో మూతి తుడుచుకున్నాడు. చొక్కా గుండీ సర్దుకున్నాడు. బడిలో మాస్టారు పేరు పిలిచినట్టు లేచి నిలబడి, "లైల్" అన్నాడు. మళ్ళీ కూర్చుని బంగాళాదుంప కోసుకున్నాడు.

పధ్నాలుగేళ్ళు స్కోరు రాసిన హెర్తాకు లెక్క తప్పింది అదే మొదటిసారి. వాల్డ్‌హావెన్‌లో పుట్టి పెరిగి, ఆ సంగతి ఎలా మరిచిపోయిందో ఆమెకే తెలియలేదు. ఈ ఊళ్ళో చర్చి పెద్దల ఎన్నికలో కూడా నిలబడ్డవాడు తన ఓటు ఎదుటివాడికే వేస్తాడు. ఇద్దరూ అలాగే వేస్తారు కాబట్టి ఎప్పుడూ ఇబ్బంది రాలేదు. ఈసారి ఆ ఎదుటివాడు రెండువేల మైళ్ళ దూరంలో ఎండలో కూర్చున్నాడు.

ఆమె కోటు తొడుక్కుని ఎవరితోనూ చెప్పకుండా వెళ్ళిపోయింది. చేపల పళ్ళెం అలాగే ఉండిపోయింది. హెర్తా పళ్ళెంలో చేప మిగలడం వెర్నా ఎన్నడూ చూడలేదు.

సోమవారం డేల్ పుస్తకాలు తిరిగివ్వడానికి వచ్చాడు. పధ్నాలుగూ గుడ్డలో చుట్టి, పైన కొత్తగా టైపు చేసిన కాగితం పెట్టుకొచ్చాడు. నలభై తొమ్మిదికి ముందు ఆడినవాళ్ళందరి పేర్ల పక్కనా ఆ రెండు గడుల్లో సున్నాలు పోయి 'రాసి ఉంచలేదు' అని ఉంది. పేర్లకు వరస అంకెలు కూడా తీసేశాడు. అయిదుగురి పేర్లు మాత్రం ముందున్నాయి.

"ఇది ఆటల భవనంలో బొమ్మల పక్కనే అద్దం వేసి పెడతాం మిసెస్ డీక్‌మన్."

హెర్తా పై నుంచి కింది దాకా వేలు పెట్టి చదివింది. "గ్రోనర్‌లో రెండో అక్షరం వంకరగా పడింది" అంది.

"మళ్ళీ టైపు చేయిస్తాను."

"చేయించు. కాఫీ తాగి వెళ్ళు."

ఈవాల్డ్‌తో మాత్రం ఆమె మూడు శుక్రవారాలు మాట్లాడలేదు. అతను గుమ్మంలో టోపీ తీస్తే ఆమె జింక తలకాయకు నమస్కారం పెట్టేది. నాలుగో శుక్రవారం హోటలు కిటకిటలాడుతూ ఉంది. ఖాళీగా ఉన్నది కిటికీ పక్క కుర్చీ ఒక్కటే. వెర్నా కావాలనే మిగతావన్నీ నింపిందని నా అనుమానం. హెర్తా వచ్చి ఎదురుగా కూర్చుంది.

"నన్ను తిడతావా?" అన్నాడు ఈవాల్డ్.

"తిట్టక? చెయ్యి ఎత్తుకోలేకపోతే నోరన్నా మూసుకుని కూర్చోకూడదూ? మూడూ మూడూ ఉండేది. డేల్ ఏదో ఒకటి చేసేవాడు."

"నాకు నేనే ఎలా వేసుకుంటాను హెర్తా? మా అమ్మ సమాధిలోంచి లేచొచ్చేది."

"రానీ. నేను మాట్లాడుకునేదాన్ని ఆవిడతో."

అతను నవ్వాడు. ఆ నవ్వు చూస్తే ఆమెకు ఇంకా మండింది.

"నిజం చెప్పాలంటే లైల్ బాగా ఆడేవాడు" అన్నాడతను. "కుర్రాడు ఎడమచేత్తో వేసేవాడు చూశావా? మా కాలంలో అలా ఎవరు వేశారు?"

"బాగా ఆడేవాడని నాకు తెలీదా? రాసింది నేనే. అతను బాగా ఆడాడని చెప్పడానికి నువ్వు ఏమీ ఆడలేదని చెప్పాలా? అది అడుగుతున్నాను."

వెర్నా రెండు పళ్ళేలు తెచ్చి పెట్టి వెళ్ళింది.

"మళ్ళీ ఓటు పెడతారా?" అన్నాడు ఈవాల్డ్, చేపలో ముల్లు వెతుకుతూ.

"పెట్టరు. బొమ్మలవాడికి చెప్పేశారు."

"హమ్మయ్య" అన్నాడు ఈవాల్డ్. ఆ మాటలో ఎంత సుఖముందంటే, హెర్తా పళ్ళెం చేత్తో పట్టుకుని లేచి, రైన్‌హోల్డ్ బల్ల దగ్గరికి వెళ్ళి, "జరుగు" అని అతని పక్కన ఇరుక్కుని కూర్చుంది. ఇద్దరూ కలిసి, అంత మంచివాడైన ఆ మనిషిని, చేపలు చల్లారేదాకా కడుపారా తిట్టుకున్నారు.